మధ్య రెండు గుంటలు

మార్చి 3, మంగళవారం

రిపోర్టులు వచ్చాయి. నాకు లేదు. అక్కకు ఉంది.

మార్చి 4, బుధవారం

నిన్న అంతకు మించి చెయ్యి కదల్లేదు. ఇవాళ రాస్తాను. కడుపు మండిపోతోంది, చెప్పుకోవడానికి మనిషి లేడు.

అక్కకు నేనే ఫోన్ చేసి చెప్పాను. ల్యాబులో పనిచేసే చెల్లెలు అయినందుకు ఆ శిక్ష నాకే కదా. రిపోర్టు మొత్తం చదివించుకుంది. చివర్లో "మరి నీది?" అంది. లేదన్నాను. "నీకెందుకుంటుందిలే. అమ్మ పక్కన కూర్చుని సేవలు చేసినదానివి. పుణ్యమంతా నువ్వే మూటగట్టుకున్నావుగా," అంది.

ఏం మాటలవి? పుణ్యానికీ దీనికీ ఏం సంబంధం? పదహారేళ్లుగా నా బతుకంతా ఈ పనే. డీఎన్‌ఏ అంటే రెండు పోగులు పెనవేసుకున్న నిచ్చెన. మెట్టుకు రెండు అక్షరాలు. ఏకు ఎదురుగా టీ, జీకి ఎదురుగా సీ, ఇంకోలా కుదరదు. ఒక పోగు చదివితే చాలు, రెండో పోగులో ఏముందో చూడకుండానే చెప్పేయొచ్చు. ప్రతి మనిషి దగ్గరా ఈ రాతకు రెండు ప్రతులుంటాయి, ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. మా అమ్మ దగ్గరున్న రెండిట్లో ఒకదానిలో, ఒకచోట, రెండు అక్షరాలు ఎగిరిపోయాయి. కోట్ల అక్షరాల్లో రెండే రెండు. అందుకే యాభై రెండేళ్లకే రొమ్ము క్యాన్సర్ ఆవిడను తినేసింది. మా ఇద్దరిలో ఎవరికి మంచి ప్రతి ఇచ్చిందో, ఎవరికి చెడ్డది ఇచ్చిందో ఆవిడకూ తెలియదు. బొమ్మా బొరుసూ, అంతే. ఎవరు సేవ చేశారు, ఎవరు ఎగ్గొట్టారు అని ఏ కణమూ అడగదు.

ఇదంతా చెబుదామని నోరు తెరిచేసరికి ఫోన్ పెట్టేసింది.

మార్చి 6, శుక్రవారం

అక్క సర్జన్ దగ్గరికి వెళ్లొచ్చింది. ఇరవయ్యో తారీఖు ఆపరేషన్. జబ్బు రాకముందే రెండు రొమ్ములూ తీసేస్తారు. డాక్టరు తొందరేం లేదు, ఆలోచించుకోండి అన్నాడట. అక్కే పట్టుబట్టింది. చిన్నప్పటినుంచీ అంతే, పన్ను కదిలితే చాలు, తలుపుకు దారం కట్టి పీకేసుకునేది.

"నువ్వొచ్చి నా దగ్గర ఉండాలి, సెలవు పెట్టుకో," అని హుకుం. అమ్మ ఆస్పత్రిలో ఉన్న నాలుగు నెలల్లో ఈవిడ వచ్చింది ఎన్నిసార్లు? నాలుగు. నేనేమో ఇప్పుడు సెలవు పెట్టాలి. పెడతాను, పెట్టక చస్తానా.

మా పిడుగు నా ఒళ్లో తల పెట్టుకుని, "అమ్మా, నువ్వు పాసా?" అని అడిగింది. తొమ్మిదేళ్ల పిల్లకు ఎవరు చెప్పారో. పాసేనే అన్నాను. "అయితే నేనూ పాసే కదా!" అని మంచం మీద గెంతింది. అవును. నా దగ్గర లేనిది దానికెలా ఇస్తాను? వాళ్ల నాన్న మమ్మల్ని వదిలేసి వెళ్లాక ఇంత నిశ్చింతగా నేను ఊపిరి పీల్చుకోలేదు. దాన్ని అలాగే గట్టిగా పట్టుకున్నాను, ఊపిరాడటం లేదని అరిచేదాకా.

మార్చి 9, సోమవారం

ల్యాబులో పెద్ద రగడ. కొత్త మెషీన్‌కు మేం పెట్టిన పరీక్షలో అది ఫెయిలైంది.

వేరే ల్యాబు వాళ్లు తొంభై పాత శాంపిళ్లు పంపారు. జవాబులు వాళ్ల దగ్గర కవరులో సీలేసి ఉన్నాయి. మేం చేసి చెప్పాలి, తర్వాత కవరు విప్పి పోల్చుకోవాలి. ఇవాళ విప్పారు. ఇరవై రెండు తప్పులు! బాస్ ముఖం కందగడ్డలా అయిపోయింది.

మధ్యలో నలిగిపోయింది పాపం ఫ్రీజర్. మేం పెట్టిన పేరే అది. సీనియర్ టెక్నీషియను, ఇల్లు తగలబడుతున్నా గొంతు పెంచని మనిషి. శాంపిళ్ల ప్లేటు మెషీన్‌లో పెట్టినట్టు షీటు మీద ఆయన సంతకం ఉంది. బాస్ అందరి ముందూ మెమో చేతికిచ్చాడు. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

నేనూ ఊరుకోలేదు. "మీరు కాస్త చూసి పెట్టుకోవద్దా సార్? మా అక్క శాంపిలూ అందులోనే ఉంది కదా!" అని అరిచేశాను. ఆయన నా వైపు ఒక్కసారి చూసి, చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. ఆ చూపేంటో. ఒళ్లు మండింది.

ఇది ఇక్కడి పద్ధతి. స్టాఫ్ ఇంటివాళ్లకు పరీక్షలు ఉచితం. కానీ వాటికని వేరే ప్లేటు పెట్టరు. ప్లేటుకు తొంభై ఆరు గుంటలు, అడ్డ వరసలకు ఏ నుంచి హెచ్ దాకా అక్షరాలు, నిలువు వరసలకు ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు. ఇలాంటి ట్రయల్ ప్లేట్లలో మధ్యలో రెండు గుంటలు ఖాళీ వదులుతారు, డి-ఆరు, ఇ-ఏడు. ఉచితం వాళ్లను అక్కడ దూరుస్తారు. మామూలు పేషెంట్లకు రెండుసార్లు చేస్తారు, వీళ్లకు ఒక్కసారే. అక్క డి-ఆరు. నేను ఇ-ఏడు.

మెషీనే చెడ్డది. మన రిపోర్టులకేం కాదు.

మార్చి 10, మంగళవారం

మెషీనే చెడ్డది.

మార్చి 11, బుధవారం

భోజనాల టైములో అందరూ బయటికి వెళ్లాక జవాబుల కాగితం, మా ఫలితాల కాగితం పక్కపక్కన పెట్టుకున్నాను. మెషీన్ కంపెనీ వాళ్లను నాలుగు కడిగేద్దామని.

బి-మూడులో లోపం ఉందని కవరు చెప్తోంది. మా మెషీన్ అక్కడ ఏమీ లేదంది, జి-పదిలో ఉందంది. సి-పదకొండులోది మాకు ఎఫ్-రెండులో వచ్చింది. ఏ-ఏడులోది హెచ్-ఆరులో.

ఆ కాగితాన్ని బల్ల మీదే తిప్పాను. పైది కిందికి, ఎడమది కుడికి. ఇరవై రెండు తప్పులూ వచ్చి వాటి చోట్లలో కూర్చున్నాయి. ఒక్కటి కూడా మిగల్లేదు.

మెషీన్ బంగారంలాంటిది. ప్లేటును తిప్పి పెట్టారు.

మామూలుగా తిప్పి పెడితే మూలల్లో ఉన్న కంట్రోళ్లు, అంటే జవాబు ముందే తెలిసిన గుంటలు, చూసి ఇట్టే కనిపెట్టేయాలి. కానీ మా బాస్ మహానుభావుడు. రిసెప్షన్‌లో మనిషెత్తు డీఎన్‌ఏ బొమ్మ పెట్టించాడు కదా, వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించి, "రెండు పోగులూ ఎదురెదురు దిక్కుల్లో పోతాయండీ, అందుకే తలకిందులు చేసినా అచ్చం ఇలాగే ఉంటుంది, అదీ అందం," అని ఉపన్యాసం. ఆ అందం మా ప్లేటుకూ రావాలని నాలుగు మూలల్లో కంట్రోళ్లు అలాగే పెట్టించాడు. ఏ-ఒకటిలో నీళ్లు, ఎదురు మూల హెచ్-పన్నెండులోనూ నీళ్లే. మిగతా రెండు మూలల్లో లోపం ఉందని తెలిసిన శాంపిలు. ఎటు తిప్పినా ఒకటే. ఒక మూలైనా తేడాగా పెట్టండి సార్ అని పోయిన ఏడాదే చెప్పాను. "నీకు సౌందర్య దృష్టి లేదమ్మా," అన్నాడు. నీ సౌందర్యం తగలెయ్య! తిరగేస్తే మారనిది ఆకారం. లోపల అక్షరాలు మారతాయి. మేం చదివేది అక్షరాలనే కదా?

డి-ఆరు గురించి ఇవాళ రాయను.

మార్చి 12, గురువారం

పిడుగుకు తలంటి జడలు వేశాను. స్కూల్లో దింపాను. ఆఫీసులో చాలా పని.

మార్చి 13, శుక్రవారం

అక్క వచ్చి బట్టల కొట్టుకు లాక్కెళ్లింది. ఆపరేషన్ అయ్యాక చేతులు పైకెత్తడం కుదరదట, ముందు గుండీలున్న నైటీలు కావాలట. కొట్లో అరగంట సేపు గుండీలు పెట్టడం, విప్పడం, పెట్టడం, విప్పడం. "ఇవి మరీ బిగుతు. ఇవి ఊడిపోయేలా ఉన్నాయి." సేల్స్ పిల్ల విసుక్కుంటే దానితో గొడవ. మామూలు అక్కే.

తర్వాత అద్దం ముందు ఒక నైటీని ఒంటికి ఆనించి పట్టుకుని నిలబడింది. చాలాసేపు. నైటీని చూడలేదు, తనను చూసుకుంది. కొలతలు సరిపోతాయా అక్కా అన్నాను. "ఇరవై తర్వాత కొలతలు మారతాయి కదే," అంది.

చెప్పెయ్. చెప్పెయ్. చెప్పెయ్. నోటిదాకా వచ్చింది.

అప్పుడు తనే అంది, "పోనీలే, నీకు లేకపోవడమే నయం. నువ్వు తట్టుకోలేవు. ఒంటరిదానివి, చిన్నపిల్ల ఉంది. మా పిల్లది పెద్దదైంది, ఆయన ఉన్నాడు. నేనైతే ఎలాగోలా ఈడ్చుకొస్తాను."

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఇన్నేళ్లలో ఒక్కటంటే ఒక్క మంచి మాట మాట్లాడని మనిషి ఇవాళే ఎందుకు మాట్లాడాలి? పుణ్యం గిణ్యం అని దెప్పితే ఎంత సుఖంగా ఉండేది! బిల్లు నేను కడతానని లాక్కున్నాను. "ఏంటే ఈ కొత్త ప్రేమ?" అని నవ్వింది.

చెప్పలేదు.

మార్చి 14, శనివారం

ప్లేటు ఎవరు తిప్పి పెట్టారో రాస్తాను. రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు, చింపి పొయ్యిలో పడెయ్యాలి.

ప్లేటు పెట్టిన రోజు అక్క ఫోన్ చేసింది. అమ్మ చివరి రోజుల గురించి మళ్లీ అదే గొడవ. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఉన్నాను. చేతుల్లో ప్లేటు. "నువ్వొక్కదానివే కూతురివా? నాకు కబురు పెట్టకుండా అన్నీ నువ్వే చేసి, ఇప్పుడు నేను రాలేదని ఊరంతా చాటుతావా?" అంది. "నువ్వొచ్చి చేసిందేముంది, నాలుగు అరటిపళ్లు తెచ్చావు!" అని అరిచి ప్లేటును మెషీన్ నోట్లోకి ఒక్క తోపు తోశాను. ఎటు తిరిగి ఉందో ఎవరు చూశారు? ఆ పాత మెషీన్ అయితే తప్పుగా పెడితే తీసుకోదు. కొత్తది ఎటు పెట్టినా మింగుతుంది. తోసేసి బాత్రూములోకి పోయి ఏడ్చాను. బయటికి వచ్చేసరికి షీటు మీద ఫ్రీజర్ సంతకం చేసి ఉంది. నా బదులు నింపేశాడు. థాంక్స్ కూడా చెప్పలేదు.

పెట్టింది నేను. మెమో తీసుకుంది ఆయన. తిట్టింది కూడా నేనే.

డి-ఆరుకు ఎదురు గుంట ఇ-ఏడు. ఇ-ఏడుకు ఎదురు గుంట డి-ఆరు. అక్కది నాది. నాది అక్కది.

బుధవారం నుంచీ తెలుసు. ఆ కాగితం తిప్పిన క్షణం నుంచీ తెలుసు. ఇరవై దాకా నోరు మూసుకుని ఉంటే అక్క నాకు బదులు కోయించుకుంటుంది. నా కూతురు పాసైనట్టే ఉంటుంది. ఎంత నీచమైన ఆలోచన! మూడు రోజులు అదే ఆలోచనతో అన్నం తిన్నాను, బాక్సు సర్దాను, పిల్లకు లెక్కలు చెప్పాను.

మార్చి 16, సోమవారం

బాస్ గదిలోకి వెళ్లి ప్లేటు నేనే తిప్పి పెట్టానని చెప్పాను. కాగితాలు చూపించాను. చాలాసేపు చూశాడు. అర్థమైంది, ఎందుకంటే చెవులు ఎర్రబడ్డాయి. మూలల సంగతి బయటికొస్తే తప్పు నాతో ఆగదు, ఆయనదాకా పోతుంది.

"చూడమ్మా, మెషీన్ వెనక్కి పోతోంది. కంపెనీ వాళ్లు ఒప్పుకున్నారు. ఇప్పుడు మళ్లీ ఇదంతా కెలకడం ఎందుకు?"

"మా అక్క ఆపరేషన్ శుక్రవారం సార్."

"ఉచితంగా చేసిన రిపోర్టు అది. దానికి ఇంత రాద్ధాంతమా? నెలాఖరు కానీ, మళ్లీ చేద్దాం."

"నెలాఖరుకు ఆమె ఒంటి మీద ఏం మిగిలి ఉంటుంది సార్ మళ్లీ చెయ్యడానికి?"

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ తర్వాత నేను అన్నవి రాస్తే కాగితం సిగ్గుపడుతుంది. మెమో నా పేరు మీదికి మార్చమన్నాను, ఫ్రీజర్ మీద ఉన్నది చింపెయ్యమన్నాను. బయటికి వచ్చేసరికి అందరూ కంప్యూటర్లలో తలలు దూర్చేశారు.

ఫ్రీజర్ ఒక్కడే చూస్తూ నిలబడ్డాడు. ఆయన దగ్గరికి వెళ్లి, "ప్లేటు పెట్టింది నేను సార్," అన్నాను.

"తెలుసమ్మా."

"తెలిసి మెమో ఎందుకు తీసుకున్నారు? ఆ రోజే నా మొహాన కొట్టొచ్చు కదా!"

"నువ్వే చెబుతావనుకున్నా. కాస్త ఆలస్యమైంది," అన్నాడు. "మీ శాంపిళ్లు ఇంకా ఉన్నాయి. పాత మెషీన్‌లో నేను పెడతాను. ఒక్కోటి మూడేసి సార్లు. నువ్వు మాత్రం ఇవాళ ప్లేటు ముట్టుకోకు తల్లీ."

బాస్ గాజు తలుపు వెనక నుంచి చూశాడు. వచ్చి ఆపలేదు.

మార్చి 17, మంగళవారం

అక్క: లేదు, లేదు, లేదు.

నేను: ఉంది, ఉంది, ఉంది.

మార్చి 18, బుధవారం

అక్క వంటింట్లో ఉంది. ఆస్పత్రికి పోయే ముందు డబ్బాలన్నీ దింపి కడుగుతోంది. చేతుల నిండా సబ్బు. కూర్చో అక్కా అన్నాను. కూర్చోలేదు. నిలబడే విను అన్నాను.

చెప్పాను. ప్లేటు, గుంటలు, తిప్పడం. మధ్యలో ఆపి, "నాకు అర్థమయ్యేటట్టు చెప్పవే," అంది.

"నీకు లేదు. నాకుంది."

ముందు నవ్వింది. తర్వాత డబ్బా మూత పట్టుకుని నేల మీద కూలబడి, "మా పిల్లకు?" అంది. దానికీ లేదన్నాను. మొహం సబ్బు చేతులతోనే కప్పుకుంది. కళ్లు మండుతాయని గ్లాసుతో నీళ్లిచ్చాను. కళ్ల మీద మాత్రం చల్లుకుంది. నా వైపు చూసింది. అక్కడిదాకా బాగానే ఉంది.

"నీకెప్పుడు తెలిసింది?"

"బుధవారం."

"ఇవాళా?"

"పోయిన బుధవారం."

వేళ్ల మీద లెక్కపెట్టింది. నా ఎదురుగా, ఒక్కొక్క వేలూ మడిచి.

"అంటే కొట్లో నేను అద్దం ముందు నిలబడ్డప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

చెంప పగిలిపోయింది. సబ్బు చేతి దెబ్బ, చెవిలోకి నురగ పోయింది. "పో," అంది. "పిడుగు కోసం అక్కా..." అన్నాను. "నాకు చెప్పకు. పో ఇక్కడ్నుంచి. అమ్మ చచ్చిపోతోందని కూడా నాకు ఇలాగే చెప్పావు. అంతా అయిపోయాక!"

అది అబద్ధం. వారం ముందు చెప్పాను.

లేదు. నాలుగు రోజుల ముందు. రమ్మని చెప్పలేదు, బాగాలేదని మాత్రం చెప్పాను. రావద్దనే అనుకున్నాను. అమ్మ నా ఒక్కదానిదే కావాలనుకున్నాను. ఇన్నేళ్లకు ఇవాళ రాస్తున్నాను.

మార్చి 19, గురువారం

అక్క ఫోన్ చెయ్యలేదు. చెయ్యకపోతే పోనీ. దానికి లేదు కదా, హాయిగా ఉండమను. డబ్బాలు కడుక్కోమను. నేనొక్కదాన్నే అన్నీ చేసుకోగలను, ఎప్పుడూ చేసుకున్నాను.

పిడుగుకు ఇప్పుడే పరీక్ష చెయ్యకూడదు. పద్దెనిమిదేళ్లు రావాలి, అప్పుడు తనే తేల్చుకోవాలి. అదీ రూలు. ఇంకా తొమ్మిదేళ్లు. తొమ్మిదేళ్లు దాని మొహం చూస్తూ, బొమ్మా బొరుసా అనుకుంటూ గడపాలి. ఎవరి మీద అరవను? అమ్మ మీదా? ఆవిడకు మాత్రం ఎవరిచ్చారు?

మార్చి 20, శుక్రవారం

పొద్దున ఏడింటికి తలుపు బాదారు. అక్క. స్నానం చేసి, తల దువ్వుకుని, చేతిలో ఫైలుతో. నా మొహం చూడలేదు. పిడుగుతో, "మీ అమ్మను చెప్పులేసుకోమను," అంది. ఎక్కడికని అడిగాను. "ఎక్కడికో చెప్పాల్సిన అవసరం లేదని చెప్పు." పిల్లను పక్కింట్లో దింపి నడిచాం. బస్సులో వేరే సీట్లో కూర్చుంది.

ఆస్పత్రి కౌంటర్లో ఫైలు దబ్బున పెట్టింది. "ఇవాళ్టి ఆపరేషను నాకు అక్కర్లేదు. డాక్టరుగారి టైము మాత్రం వదులుకోను. పేరు మార్చండి."

క్లర్కు కళ్లజోడు సర్దుకున్నాడు. "అలా కుదరదమ్మా. ఇదేమైనా బస్సు సీటా? పేషెంటు మారితే మళ్లీ అన్ని టెస్టులూ చెయ్యాలి, కొత్త ఫైలు తెరవాలి."

"తెరవండి. ఎవరొద్దన్నారు? దీన్ని డాక్టరు ఇవాళే చూడాలి, అంతవరకూ మేం ఇక్కడ్నుంచి కదలం."

"నేనింకా ఏం చెయ్యాలో అనుకోలేదు," అని నేను అరిచాను. "ఎవరడిగారు నిన్ను? నా ఒళ్లు, నా ఇష్టం! ఆపరేషన్ చేయించుకుంటానో, ఏడాదికోసారి స్కాన్ తీయించుకుంటానో, నేను చూసుకుంటాను!" హాలంతా మా వైపు తిరిగింది. రెండు రోజులుగా అరవడానికి మనిషి దొరకలేదు, ఇప్పుడు దొరికింది.

అక్క నా వైపు తిరగనేలేదు. క్లర్కుతోనే చెప్పింది, "తనే చూసుకుంటుందట. మా అమ్మప్పుడూ ఇలాగే ఒక్కతే చూసుకుంది. ఈసారి కుదరదని చెప్పండి."

ఆయన పాపం ఎవరికి చెప్పాలో తెలియక పెన్ను తీశాడు. "పదకొండింటికి డాక్టరుగారు మాట్లాడతారు, అంతవరకే. మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా?"

"మా అమ్మకుండేది. దీనికి లోపం ఉంది, జబ్బు ఇంకా రాలేదు. నాకు లేదు," అంది అక్క. ఆ మూడో మాట గబగబా అనేసి ఫైలు సర్దింది. తనకు లేదని సంతోషపడటానికి కూడా దానికి తీరిక చిక్కలేదు, నా వల్ల.

"పేషెంటుతో వచ్చినవాళ్లు? సంబంధం?"

"అక్కను. ప్రస్తుతం మాటల్లేవు. అదీ రాసుకోండి."

ఆయన రాసుకోలేదు. నేను నోరు తెరిస్తే ఏడుపొచ్చేలా ఉంది, అందుకని మళ్లీ తిట్టడం మొదలుపెట్టాను. పదకొండు దాకా తిడుతూనే ఉన్నాను. పక్క కుర్చీలో కూర్చుని అంతా విన్నది, లేచి మాత్రం వెళ్లలేదు.